గంగవ్వత్త మడి మీదికి తొమ్మిది ముఠాలు

ఒకే ఒక్క బటన్‌తో తొమ్మిది కోత ముఠాలను, వాళ్ల బండ్లను, ఎడ్లను, ఎడ్ల మెడల్లో గంటలతో సహా మా మేనత్త ఎకరం చెరకు మీదికి తోలిన మహానుభావుణ్ని నేను. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ నన్ను పేరుతో కాదు, ఆ పనితో గుర్తుపడతారు. బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన నా మొహం కాసేపు చూసి, "గంగవ్వ అల్లునివి గదా" అని, ఆపుకోలేక కిటికీ వైపు తిరిగి నవ్వుతాడు. మీరూ నవ్వుకోండి, నాకేం కొత్త కాదు. కాకపోతే నవ్వే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆ ఎకరంలో సగం మిల్లుకు పోయే చెరకు, సగం విత్తనం చెరకు. విత్తనం చెరకంటే మళ్లీ నాటే రోజు దాకా దానికి కొడవలి తగలకూడదు. మా అత్తకే కాదు, ఆమె వాడలో ఇంకో నాలుగిళ్లకు వచ్చే ఏటి తోట ఆ సగం ఎకరంలోనే నిలబడి ఉంది.

రెండువేల ఆరో ఏడో, ఆ ప్రాంతం. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి, మెడలో తాడుకు సెల్‌ఫోన్ వేలాడదీసుకుని నిజామాబాద్‌లో దిగాను. బస్టాండు వెనక చెప్పుల దుకాణం మీది గదిలో ఒక కంప్యూటరు పెట్టి, బయట "వెబ్ డిజైనింగ్" అని బోర్డు కట్టాను. వచ్చినవాళ్లంతా పెళ్లి కార్డులు వేస్తారా అని అడిగి పోయేవాళ్లు. మా అమ్మ బీడీలు చుడుతూ, ఆకు కత్తిరించే చెయ్యి ఆపకుండానే, "పెండ్లి కార్డులే ఎయ్యరాదు, ఏం పోయింది" అనేది. నాకు పౌరుషం పొడుచుకొచ్చేది. నేను కార్డులేసే వాణ్నా, తెర మీద మనిషి చూపు ఎటు పోతుందో, వేలు ఎక్కడ ఆగుతుందో చదువుకొచ్చిన వాణ్ని.

ఆ రోజుల్లో ఆ చదువు ఎంత దిక్కుమాలినదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. కంప్యూటరులో రెండు బ్రౌజర్లు సవతుల్లా కొట్టుకునేవి. ఒకదాంట్లో తిన్నగా నిలబెట్టిన పేజీ ఇంకోదాంట్లో పక్కకు ఒరిగేది. దాన్ని లేపి నిలబెడితే ఇది కూలబడేది. ఇక ఫోన్ల సంగతి చెప్తే నాకిప్పటికీ తల తిరుగుతుంది. ఒకదానికి రంగుల తెర, ఒకదానికి నలుపూ తెలుపూ. ఒకదాంట్లో చిన్న ప్రోగ్రాము దిగుతుంది, ఇంకోదాంట్లో దిగదు. ఒకదాంట్లో పేజీ మొత్తం కనిపిస్తుంది, ఇంకోదాంట్లో ఒక్క వరస. తెలుగు రాస్తే డబ్బాలు డబ్బాలుగా పడుతుంది, అందుకని తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చావాలి. ఒకే పనికి కంప్యూటరుకొక మొహం, పెద్ద ఫోనుకొక మొహం, చిన్న ఫోనుకొక మొహం తయారుచెయ్యాలి. మూడు మొహాలూ ఒక్క మాటే మాట్లాడాలి. అవి మాట్లాడేవి కావు.

ఇలా ఈగలు తోలుకుంటున్న నన్ను పైకి తేవాలని మా గంగవ్వత్త కంకణం కట్టుకుంది. ఆమెది బోధన్ పక్క ఊరు. మామ పోయాక ఆ ఎకరాన్ని తనే సాకుతోంది. అక్కడి చెరకు రైతులంతా కలిసి పెట్టుకున్న చిన్న సంఘానికి ఖలీల్ చాచా పెద్ద దిక్కు. ఎవరి చెరకు ఎప్పుడు కొయ్యాలో, ఏ ముఠా ఎవరి మడికి పోవాలో చూసేది ఆయనే. ముఠాలంటే పంటల కాలంలో మహారాష్ట్ర వైపు నుంచి పెళ్లాం పిల్లలతో, ఎడ్ల బండ్లతో వచ్చి గుడిసెలు వేసుకునే కోత కూలీలు. ముఠాకొక పెద్ద ఉంటాడు, అతన్ని ముకద్దం అంటారు.

చాచా పద్ధతి నాకు చూడగానే ఒళ్లు మండింది. శనివారం శనివారం రైతులు బోధన్‌లో సంఘం గదికి వస్తారు. ఒక్కొక్కరూ తన చెరకు కోతకొచ్చిందని చెప్తారు. చాచా వెంటనే రాసుకుంటాడా, రాసుకోడు. ఆకు ఎండిందా అంటాడు, గడ విరిచి చూసినవా అంటాడు, ఏ మూల విరిచినవ్ అంటాడు. మధ్యలో చాయ్ తాగుతాడు. అన్నీ విన్నాక ఎర్ర అట్ట రిజిస్టరులో రాసుకుని, సోమవారం పొద్దున ఏ ముఠా ఎక్కడికి పోవాలో ముకద్దంలకు కబురు చేస్తాడు. అంత పనికి రెండు రోజులు. ఒక్క బటన్ పని ఇది, అన్నాను నేను.

ఆ ఏడు చాచాకు కంటి ఆపరేషన్ పడింది. మూడు వారాలు నాందేడ్‌లో కూతురింట్లో ఉండాలి. ఆ మూడు వారాలు వంతులు ఎవరు చూస్తారని సంఘంలో మాటొస్తే మా అత్త లేచి, మా అల్లుడు కంప్యూటర్ చదివిండు, వాడు చూస్తడు అంది. పదిమంది ముందు పూచీ పడింది. తొంభై ఊళ్లకు వినబడేలా నేను తలూపాను.

నేను చేసిన ఏర్పాటు ఇది. రైతు శనివారం దాకా ఆగక్కర్లేదు, బోధన్ రానక్కర్లేదు. ఉన్నచోటి నుంచే ఫోన్లో పేజీ తెరవాలి. అందులో ఊరి రైతుల పేర్ల జాబితా ఉంటుంది. ఒక్క ఫోన్‌ను పది ఇళ్లవాళ్లు వాడే కాలం కాబట్టి నంబరును బట్టి మనిషిని పోల్చలేం, పేరు తనే చూసుకోవాలి. పేరు మీదికి వచ్చి ఓకే నొక్కితే, మధ్యలో మనిషి చెయ్యి తగలకుండా, ఖాళీగా ఉన్న ముఠా ముకద్దం ఫోనుకు మెసేజ్ పోతుంది. ఫలానా వాళ్ల చెరకు, పోయి కొయ్యండి అని. ఎంత నాజూకు ఏర్పాటో చూడండి. దాన్ని నడిపి చూసేటప్పుడు నాకు నమూనాకు ఒక పేరు కావాలి. పూచీ పడిన మనిషి కదా, గౌరవంగా ఉంటుందని జాబితాలో అన్నిటికన్నా పైన మా అత్త పేరు పెట్టాను. పని అయ్యాక కిందికి దించుదామనుకున్నాను. దించలేదు. చూడముచ్చటగా ఉంది.

ఆపరేషన్‌కు పోయే ముందు చాచా నల్ల కళ్లజోడు చేత్తో పట్టుకుని నా గదికి వచ్చాడు. తెరను దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు.

"బేటా, నీ పని మంచిగుంది. ఒక్క మాట చెప్పు. రైతు ఖ్యాల్ లేక తప్పు పేరు చెప్తే, నేనైతే అడుగుత. నీ మిషిన్ అడుగుతదా?"

"మిషిన్ తప్పు జేయది చాచా," అన్నాను.

చాచా ఎర్ర అట్ట రిజిస్టరు చంకలో పెట్టుకుని పోయాడు. ఆపరేషన్‌కు పోయేవాడికి రిజిస్టరెందుకో అని నేను లోలోపల నవ్వుకున్నాను కూడా.

రైతులకు చూపించడానికి బోధన్‌లో ఒక మీటింగు పెట్టాను. కంప్యూటరును ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాను. ఇక్కడ జరిగిన తప్పు వినండి. చూపించింది కంప్యూటరు మీద, వాళ్లు వాడబోయేది ఫోను. కంప్యూటరులో ఇరవై పేర్లూ ఒకేసారి కనిపిస్తాయి. మౌసు అటు జరిపి ఇటు జరిపి ఒక పేరు మీద టిక్కుమనిపించాను. అందరూ బాగుందన్నారు. ఇదంతా మాకెట్ల గుర్తుంటుందని సాయిలన్న అనే రైతు అడిగాడు. అప్పుడు నేను గొంతు సవరించుకుని, నా బతుకంతా వెంటాడబోయే మాట చెప్పాను.

"ఏం గుర్తుంచుకోవద్దు సాయిలన్న. పేజీ తెరువు, ఓకే నొక్కు. గంతే."

సోమవారం పొద్దున తొమ్మిదింటికి నా గదిలో కూర్చుని లెక్క చూస్తే ఏడు కోతలు వెళ్లాయి. పదింటికి తొమ్మిది. అన్ని ముఠాలకూ పని దొరికింది. చాచా రెండు రోజులు చేసే పని ఒక పూటలో. కింద చెప్పుల దుకాణం ఆయనకు జిలేబీ పంచాను. అప్పుడు ఫోన్ మోగింది. పక్కింటివాళ్ల ఫోన్ నుంచి మా అత్త.

"అల్లుడా, మన మడి కాడికి ఎడ్ల బండ్లొస్తున్నయి. నువ్వు గిట్ల పంపినవా?"

ఎవరో దారి తప్పి ఉంటారత్తా అన్నాను. ఫోన్ పెట్టేసి ఇంకో జిలేబీ తీసుకున్నాను. పావుగంటకు మళ్లీ చేసింది. ఈసారి నాలుగు ముఠాలు. మూడోసారి ఆమె మాట సగమే వినిపించింది, మిగతాదంతా గంటల మోత. జిలేబీ చేతిలోనే ఉండిపోయింది. బస్సెక్కాను.

నిజామాబాద్ నుంచి బోధన్ ఎంత దూరమో ఆ రోజు తెలిసింది. ఆ డ్రైవరు చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆపాడు. నేను సీటు అంచున కూర్చుని నా ఫోన్లో పేజీ తెరిచి చూశాను. నాది రంగుల తెర, పెద్ద ఫోను, ఇరవై పేర్లూ నిక్షేపంగా కనిపిస్తున్నాయి. పక్కన కూర్చున్నాయనను బతిమాలి ఆయన చిన్న ఫోనులో అదే పేజీ తెరిచాను. ఒక్కటే వరస కనిపించింది. GANGAVVA. కింద OK. మిగతా పందొమ్మిది మంది రైతులు కనబడాలంటే కింది బాణం నొక్కాలి. ఆ బాణం గురించి నేను ఎవరికీ చెప్పలేదు. ఓకే నొక్కు, గంతే అన్నాను.

ఫోన్ ఆయనకిచ్చేసి, దిగేదాకా బస్సు మెట్టు మీదే నిలబడ్డాను.

ఊళ్లో దిగేసరికి బండ్లు మా అత్త మడి నుంచి రోడ్డు దాకా వరసకట్టి ఉన్నాయి. ఎడ్లు మిల్లు చెరకు ఆకులు నములుతున్నాయి. వాకిట్లో ముఠా ఆడవాళ్లు అప్పటికే మూడు రాళ్ల పొయ్యిలు పెట్టారు. ముఠాను పిలిచిన ఇల్లు మొదటి రోజు రొట్టె పెట్టాలని అక్కడ మర్యాద. తొమ్మిది ముఠాలనూ పిలిచింది మా అత్తే కదా, ఫోన్లో పేరుంది. అందుకని ఇంట్లో ఉన్న జొన్నపిండంతా పరాతం పళ్లెంలో కుప్పపోసి ఉంది, వాడలోని ఆడవాళ్లు రొట్టెలు కొడుతున్నారు. కొడుతూ మా అత్తను వినబడేలా దెప్పుతున్నారు. అల్లుణ్ని కూచోబెట్టింది ఇందుకే, తన వంతు ముందుకు జరుపుకోవడానికే అని.

మా అత్త అక్కడ లేదు. విత్తనం మడి గట్టు మీద కొడవలి పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా బాబూరావు అనే ముకద్దం. అతను ఫోన్ చూపిస్తూ, రాతపూర్వకంగా పిలిచి పనివ్వకపోతే మా రోజు ఏం కావాలని నెమ్మదిగానే అడుగుతున్నాడు. అతని తప్పు కూడా లేదు. మిల్లు చెరకు ఇంకా నెల రోజులకు గాని కోతకు రాదు, అందుకని వాళ్లు ముదురుగా కనబడిన వైపు దిగారు. ఆమె పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడేలోపు విత్తనం చెరకు నాలుగు సాళ్లు కోసేశారు. మొదలు కొట్టేసిన గడలు వరసగా నేల మీద పడి ఉన్నాయి.

నన్ను చూసి ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మిషిన్ తప్పు జేయదంటివి గదా అల్లుడా," అంది. "మరి గీ నాలుగు సాళ్లు కోసిందెవలు?"

అప్పుడే సాయిలన్న గుంపులోంచి ముందుకొచ్చాడు. పొద్దున ఓకే నొక్కిన తొమ్మిది మందిలో అతనొకడు. పైన గంగవ్వ అని ఉంటే, నీ పేరు కాదు కదా, ఎలా నొక్కావన్నా అని అడిగాను. అతను నా వైపు జాలిగా చూశాడు.

"ట్రాక్టర్ ముంగట అమ్మ పేరు రాసుకుంటం గదా తమ్మి. గట్లనే నువ్వు మీ అత్త పేరు రాసుకున్నవనుకున్నం. పోరడు మంచోడే, అత్తను మర్వలే అనుకున్నం. ఓకే నొక్కుమంటివి, నొక్కితిమి."

మిగతా ఎనిమిది మందీ అవునన్నట్టు తలలాడించారు. మూడు నెలలు అమీర్‌పేటలో మనిషి చూపు ఎటు పోతుందో చదువుకున్నాను. మా జిల్లాలో ట్రాక్టరు ముందు ఏం రాసి ఉంటుందో మాత్రం చదవలేదు.

సిగ్గు చంపుకుని నాందేడ్‌కు ఫోన్ చేశాను. చాచాకు ఆపరేషనై రెండు రోజులు, ఒక కంటికి పట్టీ. విషయం చెప్తుంటే మధ్యలో ఆపి, బాబూరావుకు ఫోనివ్వు అన్నాడు. తర్వాత ఇంకో ముకద్దంకు, ఆ తర్వాత ఇంకొకరికి. తొమ్మిది మందితోనూ మరాఠీలో రెండేసి ముక్కలు మాట్లాడాడు. ఎవరి చెరకు ఆకు ఎండిందో, ఎవరిది ఇంకా వారం ఆగాలో, పట్టీ తియ్యకుండా, రిజిస్టరు తెరవకుండా చెప్పాడు. రొట్టెలు తినడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు. తొమ్మిది ముఠాలూ తొమ్మిది దారుల్లో పోయాయి. రిజిస్టరు వెంట ఎందుకు తీసుకుపోయాడో అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు, ఆయనకు దానితో పనే పడలేదు.

అంతటితో ఆగి ఉంటే ఇది చిన్న కథ అయ్యేది. ఆగలేదు. పౌరుషం అన్నాను కదా. సంఘంలో అందరి ముందూ నిలబడి, లోపం దొరికింది, ఒక్క వారం ఇవ్వండి, సరిచేస్తానన్నాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. మళ్లీ మా అత్తే లేచింది. మునిగింది నా చెరుకు, నేనే అంటున్న, ఇంకొక్కసారి సూద్దం అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈసారి ఆమె విత్తనం మడికి ఆకు కూడా కదలనివ్వనని మనసులో అనుకున్నాను.

నాలుగు రోజులు తిండి మీద ధ్యాస లేకుండా కూర్చున్నాను. జాబితాలో పైన మా అత్త పేరు తీసేశాను. ఎవరి పేరూ పైన ఉండకూడదు, అదే కదా చిక్కు. అందుకని అక్కడ పేరు ఎంచుకోండి అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. PERU ENCHUKONDI. చదివినవాడెవడైనా బాణం నొక్కి తన పేరు వెతుక్కుంటాడు. ఎంచుకోకుండా ఓకే నొక్కితే ఆపేలా కంప్యూటరు పేజీలో అడ్డు కూడా పెట్టాను. రెండు బ్రౌజర్లలోనూ చూశాను, చక్కగా ఆపింది. నా పెద్ద ఫోన్లో చూశాను, ఆపింది. ఆ అడ్డు చిన్న ఫోన్లలో అసలు పనే చెయ్యదన్న సంగతి నాకు తెలుసు. తెలిసే ఉండాలి. కోర్సులో రెండో వారం చెప్పారు.

సోమవారం పొద్దున నేను ముందుజాగ్రత్తగా మా అత్త ఇంట్లోనే కూర్చున్నాను. తొమ్మిదయింది, బండ్లు లేవు. పదయింది, లేవు. మా అత్త చాయ్ పెట్టింది. గ్లాసు నోటిదాకా వచ్చాక గంటలు వినిపించాయి. బాబూరావు వాకిట్లోకి వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఫోన్లోకి చూస్తూ అడిగాడు.

"ఎంచుకోండి పాటీలాంచ ఘర్ కుఠే ఆహే, అక్కా?"

ఎంచుకోండి పాటీలు గారి ఇల్లెక్కడ అని. అతను పొద్దుట్నుంచి ఊరంతా తిరిగాడట. పేరుగల మోతుబరి అయి ఉంటాడు, ఒక్కరోజే నలుగురు ముకద్దంలను పిలిచాడు కదా అనుకున్నాడట. ఊళ్లోవాళ్లు ఆ మెసేజ్ చూసి, ఈ పేరున్న మనిషి ఇక్కడ లేడు, ఈ పని మాత్రం గంగవ్వ అల్లునిది, ఆ ఇంటికే పో అని దారి చూపించారు. అతని వెనక ఇంకో మూడు ముఠాలు. పోయిన వారం తొమ్మిది, ఈ వారం నాలుగు. చదువుకున్నవాడి లెక్కలో అది అభివృద్ధే.

మా అత్త చాయ్ గ్లాసు కింద పెట్టింది. లోపలికి పోయి కొడవలి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పో. చాచా అచ్చేదాక ఆ గట్టు మీదికెళ్లి జరగకు."

జరగలేదు. పన్నెండు రోజులు విత్తనం మడి గట్టు మీద నిలబడ్డాను. చెరకు ఆకు చేతులు కోసింది, ఎండకు మెడ కమిలింది. ముఠాలకు వేరే దిక్కు లేక నా దగ్గరికే వచ్చేవి. నేను రైతులను పిలిచి, ఆకు ఎండిందా అని అడిగాను, గడ విరిచి చూసినవా అన్నాను, ఏ మూల విరిచినవ్ అని కూడా అన్నాను. విన్నాక, బాబూరావ్, నువ్వు సాయిలన్న మడికి పో అని చెయ్యి చాపి చూపించాను. చిన్న ఫోనువాడికీ, పెద్ద ఫోనువాడికీ, అసలు ఫోను లేనివాడికీ, తెలుగు రానివాడికీ కూడా అర్థమైంది. నేను తయారుచేసినవాటిలో అందరి దగ్గరా ఒకేలా పనిచేసింది అదొక్కటే.

చాచా వచ్చాక గట్టు దిగాను. నాట్లు మొదలయ్యాయి. మా అత్త వాడలోని నాలుగిళ్లకూ ముందు చెప్పిన విత్తనం చెప్పినట్టే, ఒక్క గడ తగ్గకుండా కొలిచి ఇచ్చింది. తక్కువ పడింది ఆమెకే. సొంత మడిలో నాలుగు సాళ్లు ఉత్తగా వదిలేసింది. చుట్టూ చెరకు మొలిచాక కూడా ఆ నాలుగు సాళ్లు బోడిగా కనబడుతూనే ఉండేవి. ఎవరైనా ఇదేంటని అడిగితే కంప్యూటర్ సాళ్లు అని చెప్పేది. ఏడాదంతా ఆ మడి పక్కనుంచి పోయిన ప్రతిసారీ నేను తల వంచుకునే పోయాను.

ఒకరోజు ఆ సాళ్ల దగ్గరే చెప్పులు విడిచి, తూర్పు తిరిగి, మా అత్తనూ చాచానూ సాక్షులుగా పెట్టుకుని గట్టిగా ఒట్టు వేశాను. ఇకపై ఏ తెర మీదైనా సరే చుట్టాల పేరు పైన పెట్టను. నా ఫోన్లో చూసుకుని లోకమంతా అంతే అనుకోను. రైతు చేతిలోని అన్నిటికన్నా చిన్న ఫోనులో చూడకుండా ఏ పేజీనీ బయటికి వదలను. ఓకే నొక్కితే చాలన్న మాట ప్రాణం పోయినా నా నోట రానివ్వను.

చాచా కొత్త కంటితో నన్ను శ్రద్ధగా చూసి, ఎర్ర అట్ట రిజిస్టరు విప్పి ఆ నాలుగు మాటలూ రాసుకున్నాడు. మా అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అంత మంచిగనే ఉంది గని అల్లుడా, దీనికి ఓకే ఎక్కడ నొక్కాలె?"